తిరగరాసిన డైరీ – అన్నే ఫ్రాంక్ జీవితం

పదో తరగతి పరీక్షల ముందు ఆటోగ్రాఫ్ పుస్తకాలు చేతులు మారడం బడి చదువు చదివిన ప్రతి బ్యాచికీ తెలిసిన ముచ్చటే. రంగురంగుల కాగితాల చిన్న పుస్తకం కొనుక్కుని, స్నేహితుల చేత నాలుగు మాటలు రాయించుకుని, ట్రంకు పెట్టె అడుగున దాచుకుంటాం. ప్రపంచంలో ఎక్కువమంది చదివిన డైరీ కూడా మొదట అలాంటి ఆటోగ్రాఫ్ పుస్తకమే. ఎరుపు, తెలుపు గళ్ల అట్ట ఉన్న ఆ పుస్తకం 1942 జూన్ 12న, హాలెండు దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో, ఒక అమ్మాయికి పదమూడో పుట్టినరోజు కానుకగా దక్కింది. ఆ అమ్మాయి దాన్ని తన డైరీ చేసుకుంది. ఆమె పేరు అన్నే ఫ్రాంక్.

అన్నే కథ మనలో చాలామందికి ఇంగ్లీషు పాఠంగానో, సినిమాగానో ఎంతో కొంత తెలుసు. యుద్ధకాలంలో ఒక పిల్ల దాక్కుని డైరీ రాసింది, తర్వాత పట్టుబడి చనిపోయింది అన్నంతవరకు తెలుసు. ఆ కాగితాలు ఎలా పుట్టాయి, ఎలా మిగిలాయి అన్నది తక్కువమందికి తెలుసు. నన్ను ఎక్కువగా కదిలించింది ఆ రెండో సంగతే. అందుకే ఆమె జీవితంతో పాటు ఆ కాగితాల కథ కూడా ఇక్కడ చెబుతున్నాను.

అన్నే 1929 జూన్ 12న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో పుట్టింది. తండ్రి ఒట్టో ఫ్రాంక్, తల్లి ఎడిత్. అక్క మార్గట్ మూడేళ్లు పెద్దది. వారు యూదులు. ఒట్టో మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ సైన్యంలో అధికారిగా పోరాడినవాడు. తాను జర్మనీ దేశస్థుడినే అన్న నమ్మకంతో బతికినవాడు. 1933 జనవరి 30న హిట్లర్ అధికారంలోకి వచ్చాక ఆ నమ్మకానికి విలువ లేకుండా పోయింది. యూదుల దుకాణాలను బహిష్కరించమని పిలుపులు వచ్చాయి, ఉద్యోగాలు పోయాయి. ఒట్టో ఆలస్యం చేయలేదు. ఆ ఏడాదే హాలెండు వెళ్లి వ్యాపారం పెట్టుకున్నాడు. భార్యాబిడ్డలు ఒక్కొక్కరుగా చేరారు. అందరికంటే చివరగా, 1934 ఫిబ్రవరిలో, నాలుగున్నరేళ్ల అన్నే చేరింది.

హాలెండు మన ప్రాంతానికి మరీ కొత్త పేరు కాదు. డచ్చివారు 1605లోనే బందరు వచ్చి వర్తకం మొదలుపెట్టారు. మన అద్దకం బట్టలు వారి ఓడలెక్కి ఆ దేశపు ఇళ్లకు చేరాయి. ఆనాటి డచ్చివారి సమాధులు బందరులో ఇప్పటికీ ఉన్నాయి. నేల తీరు కూడా మనకు దగ్గరే. నదులు సముద్రంలో కలిసే చోట పల్లపు భూమి, ఎటు చూసినా కాలువలు, గట్లు, సముద్రం ఎప్పుడు మీదికి వస్తుందో అన్న భయం. కృత్తివెన్ను నుంచి వెళ్లినవారికి ఆ దేశం పటం చూస్తే తెలిసిన ఊరిలాగే కనిపిస్తుంది.

ఒట్టో వ్యాపారం జాము గట్టిపడడానికి వాడే పెక్టిన్ అమ్మడం. పండ్ల నుంచి తీసే పదార్థం అది. తర్వాత మాంసంలో కలిపే మసాలా దినుసుల వ్యాపారం కూడా తోడైంది. అన్నే అక్కడి మాంటిస్సోరి బడిలో చేరి, కొద్దికాలంలోనే డచ్ భాష తన భాషగా చేసుకుంది. మార్గట్ నెమ్మది, చదువులో ముందు. అన్నే మాటకారి. తరగతిలో ఎక్కువ మాట్లాడుతోందని మాస్టారు శిక్షగా వ్యాసం రాయమంటే, నవ్వొచ్చేలా రాసి అందరినీ నవ్వించిన రకం. సినిమా తారల బొమ్మలు పోగుచేయడం, స్నేహితులతో గంటల తరబడి కబుర్లు, అందరూ తననే చూడాలన్న తపన. మన తరగతుల్లో కూడా అలాంటి అమ్మాయి ఏటా ఒకరుండేవారు.

1940 మే 10న జర్మనీ సైన్యం హాలెండు మీదికి వచ్చింది. అయిదు రోజుల్లో ఆ దేశం లొంగిపోయింది. అప్పటి నుంచి యూదుల మీద ఒక్కొక్కటిగా ఆంక్షలు మొదలయ్యాయి. సినిమాలకు వెళ్లకూడదు. పార్కులో కూర్చోకూడదు. సైకిళ్లు అప్పగించాలి. ట్రాము ఎక్కకూడదు. 1941లో పిల్లలను మామూలు బడుల నుంచి తీసి యూదుల బడుల్లో చేర్చారు. అన్నే, మార్గట్ అలా బడి మారారు. 1942 మే నుంచి బట్టల మీద పసుపు రంగు నక్షత్రం కుట్టుకుని తిరగాలన్నారు. ఒట్టో కుటుంబాన్ని అమెరికా చేర్చాలని 1941లో వీసాలకు ప్రయత్నించాడు. కుదరలేదు.

అదే ఏడాది ఆ యుద్ధం మన తీరాన్ని కూడా తాకింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. మన పెద్దలు ఆ రోజుల గురించి చెప్పుకునేవారు. ఆ తర్వాత రెండు నెలలకు అన్నే చేతికి గళ్ల పుస్తకం వచ్చింది.

డైరీ మొదలైన మూడు వారాలకే, 1942 జూలై 5న, పదహారేళ్ల మార్గట్ పేరు మీద ఒక తాఖీదు వచ్చింది. జర్మనీలో కూలి పనికి హాజరు కావాలన్నది అందులోని ఆజ్ఞ. అలా వెళ్లినవారు ఏమవుతున్నారో అప్పటికే అనుమానాలున్నాయి. ఒట్టో ముందే ఒక దాపు చోటు సిద్ధం చేస్తున్నాడు. మరునాడు పొద్దున్నే, వానలో, సామాను పట్టుకుంటే అనుమానం వస్తుందని ఒకదాని మీద ఒకటి బట్టలు తొడుక్కుని, నడిచి వెళ్లిపోయారు. డైరీని అన్నే అన్నిటికంటే ముందు సంచిలో పెట్టుకుంది.

వాళ్లు వెళ్లింది ఒట్టో ఆఫీసుకే. ఒక కాలువ గట్టు మీద 263వ నంబరు భవనం. కింద గోడౌను, దాని పైన ఆఫీసు, వెనకవైపు మరో ఇంటి కట్టు. ఆ వెనకిల్లు వీధిలోంచి కనపడదు. అందులోని పై అంతస్తుల్లో వాళ్లు ఉన్నారు. లోపలికి వెళ్లే తలుపు కనపడకుండా ఒక పుస్తకాల బీరువా చేయించి అడ్డం పెట్టారు. తలుపులా తిరిగే బీరువా అది. వారం తర్వాత ఒట్టోతో పనిచేసే హెర్మన్ వాన్ పెల్స్, అతని భార్య ఆగస్టా, పదిహేనేళ్ల కొడుకు పీటర్ వచ్చి చేరారు. నవంబరులో ఫ్రిట్జ్ ఫెఫర్ అనే దంతవైద్యుడు వచ్చాడు. మొత్తం ఎనిమిది మంది. అన్నే తన చిన్న గదిని ఆ డాక్టరుతో పంచుకోవలసి వచ్చింది. రాసుకునే బల్ల కోసం ఇద్దరికీ గొడవలయ్యేవి.

వాళ్లను బతికించింది ఆఫీసు మనుషులు. మీప్ గీస్, బెప్ వోస్కైల్ అనే ఇద్దరు ఉద్యోగినులు, విక్టర్ కుగ్లర్, యొహానెస్ క్లైమన్ అనే ఇద్దరు అధికారులు ముఖ్యులు. మీప్ భర్త యాన్, బెప్ తండ్రి కూడా సాయపడ్డారు. బీరువా చేసింది బెప్ తండ్రే. రేషను కార్డులు సంపాదించడం, కూరగాయలు, పాలు తేవడం, గ్రంథాలయం నుంచి పుస్తకాలు మోయడం, బయటి కబుర్లు చెప్పడం వీరి పని. దొరికితే వారికీ శిక్ష తప్పదు. మీప్ చిన్నప్పుడు వియన్నాలో తిండిలేక చిక్కిపోతే, మొదటి యుద్ధం తర్వాత హాలెండులో ఒక కుటుంబం తీసుకొచ్చి పెంచింది. ఒకనాడు తనకు అన్నం పెట్టిన దేశంలో ఆమె మరో ఎనిమిది మందికి అన్నం పెట్టింది.

లోపల జీవితం గడియారం ముల్లు మీద నడిచేది. గోడౌనులో పనివాళ్లుండే వేళ చెప్పులు లేకుండా నడవాలి. కుళాయి తిప్పకూడదు, మరుగుదొడ్డిలో నీళ్లు వదలకూడదు. గట్టిగా దగ్గకూడదు. కిటికీలకు పరదాలు. పనివాళ్లు వెళ్లాక సాయంత్రం కాస్త ఊపిరి. రాత్రి కింది ఆఫీసులో రేడియో. తిండి నెలల తరబడి ఒకటే రకం, కుళ్లిన బంగాళాదుంపలు, చిక్కుడు గింజలు. ఎన్నోసార్లు దొంగలు పడ్డారు. ప్రతిసారీ గుండె గుబేలుమనేది. పిల్లలు మాత్రం చదువు ఆపలేదు. బెప్ పేరు మీద పోస్టులో షార్ట్‌హ్యాండు పాఠాలు తెప్పించుకుని నేర్చుకున్నారు. ఒట్టో లెక్కలు, భాషలు చెప్పేవాడు. బయటికి వెళ్తే బడిలో వెనకబడకూడదన్నది వారి ఆలోచన. అటక మీది కిటికీ లోంచి వెనక పెరట్లోని చెస్ట్‌నట్ చెట్టు, ఇంత ఆకాశం కనిపించేవి. రెండేళ్ల పాటు అన్నేకు బయటి ప్రపంచమంటే అదే.

ఇటువంటి చోట ఆమె రాసింది. కిట్టీ అనే ఊహల స్నేహితురాలికి ఉత్తరాల్లాగా రాసింది. తల్లితో పడకపోవడం, అక్కతో పోల్చి తనను తక్కువ చేస్తున్నారన్న రోషం, పెద్దవాళ్ల చిల్లర తగవులు, పెరిగే వయసులో తన ఒంటిలో, మనసులో వచ్చే మార్పులు, పీటర్ మీద కలిగిన ఇష్టం, కొన్నాళ్లకు అది పలచబడడం, ఏదీ దాచలేదు. తన తప్పులను కూడా తానే విచారణ చేసుకుంది. ఆ ఇంట్లో ఎవరినీ దేవుళ్లుగా చూపలేదు, తనతో సహా. చదివేవారికి ఎనిమిది మంది మనుషులు కళ్లముందు తిరగడానికి కారణం అదే. డైరీతో పాటు చిన్న చిన్న కథలు కూడా వేరే పుస్తకంలో రాసుకుంది. చదివిన పుస్తకాల్లో నచ్చిన వాక్యాలు ఎత్తి రాసుకోవడానికి ఇంకో పుస్తకం పెట్టుకుంది.

ఇక్కడ ఒక మలుపు ఉంది. 1944 మార్చి 28న లండన్ నుంచి వచ్చే డచ్ రేడియోలో, ప్రవాస ప్రభుత్వపు విద్యామంత్రి బోల్కెస్టైన్ మాట్లాడాడు. యుద్ధం ముగిశాక మామూలు ప్రజల డైరీలు, ఉత్తరాలు సేకరిస్తామని, అందరూ వాటిని భద్రం చేయాలని కోరాడు. రేడియో చుట్టూ కూర్చున్నవారంతా అన్నే వైపు చూశారు. ఆ రోజు నుంచి ఆమెకు ఒక ఆలోచన పట్టుకుంది. తన డైరీ పుస్తకంగా రావాలి. తాను రచయిత్రి కావాలి, పత్రికల్లో పనిచేయాలి.

ఆలోచనతో ఆగలేదు. ఆ మే నెల 20న కూర్చుని రెండేళ్ల డైరీని మొదటి నుంచి తిరగరాయడం మొదలుపెట్టింది. ఆఫీసు నుంచి తెచ్చిచ్చిన విడి కాగితాల మీద రాసింది. పదమూడేళ్ల వయసులో రాసిన మాటలను పదిహేనేళ్ల కళ్లతో చూసి, చిన్నపిల్ల రాతలనిపించినవి కొట్టేసింది, అర్థం కానివి వివరించింది, కొన్ని కలిపింది, కొన్ని తీసింది. ఇంట్లోవాళ్లకు మారుపేర్లు పెట్టింది. పుస్తకానికి వెనకిల్లు అన్న అర్థం వచ్చే డచ్ పేరు ఆలోచించి పెట్టుకుంది. పది వారాల్లో రెండు వందలకు పైగా కాగితాలు నింపింది. ఒకవైపు అది చేస్తూనే, రెండోవైపు ఆనాటి సంగతులు డైరీలో రాస్తూనే ఉంది. బయట బాంబుల మోత, లోపల ఆకలి, ఎవరు ఎప్పుడు తలుపు తడతారో తెలియదు. ఆ పరిస్థితుల్లో పదిహేనేళ్ల పిల్ల తన రాతను తానే దిద్దుకుంటూ కూర్చుంది. ఆమెను తలచుకుని జాలిపడేవారు చాలామంది ఉన్నారు. ఆ పది వారాల పని చూసినప్పుడు నాకు జాలి కంటే గౌరవం ఎక్కువ కలిగింది.

తిరగరాత 1944 మార్చి నెలాఖరు సంగతుల దాకా వచ్చింది. డైరీలో ఆఖరి రాత 1944 ఆగస్టు 1 నాటిది. ఆగస్టు 4న, పొద్దుటి పూట, ఒక జర్మన్ అధికారి, డచ్ పోలీసులతో వచ్చి బీరువా పక్కకు జరిపించాడు. సమాచారం ఎవరిచ్చారో ఈనాటికీ తేలలేదు. నగలు, డబ్బు వేసుకోవడానికి ఒక సంచి కావలసి వచ్చి, ఒట్టో తోలు సంచిని అతను బోర్లించాడు. అందులో ఉన్నవి అన్నే కాగితాలు. అతనికి అవి చెత్త. నేల మీద పడేసి నగలు తీసుకుని వెళ్లిపోయాడు.

ఎనిమిది మందితో పాటు కుగ్లర్, క్లైమన్‌లను కూడా పట్టుకుపోయారు. వీరిద్దరూ తర్వాత బతికి బయటపడ్డారు. ఆ సాయంత్రం మీప్, బెప్ పైకి వెళ్లి నేల మీద చిందరవందరగా పడివున్న పుస్తకాలు, కాగితాలు ఏరారు. మీప్ వాటిని తన బల్ల సొరుగులో పెట్టింది. చదవలేదు. అన్నే తిరిగి వచ్చాక ఆమె చేతిలోనే పెట్టాలని ఆమె ఉద్దేశం. తర్వాత్తర్వాత ఆమె చెప్పిన సంగతి ఒకటుంది. అప్పుడే చదివి ఉంటే వాటిని కాల్చివేయవలసి వచ్చేదట. అందులో సాయం చేసినవారి పేర్లన్నీ ఉన్నాయి కాబట్టి. వాళ్లను విడిపించడానికి లంచమైనా ఇద్దామని మీప్ జర్మన్ల ఆఫీసుకు కూడా వెళ్లింది. ఫలితం లేకపోయింది.

అన్నే వాళ్లను ముందు వెస్టర్‌బోర్క్ శిబిరానికి, అక్కడి నుంచి సెప్టెంబరు 3న ఆష్‌విట్జ్‌కు రైల్లో పంపారు. పశువులను తరలించే పెట్టెల్లో కుక్కి పంపారు. వెస్టర్‌బోర్క్ నుంచి ఆష్‌విట్జ్‌కు వెళ్లిన ఆఖరి రైలు అది. అక్కడ దిగగానే ఆడా మగా వేరు చేశారు. ఒట్టో మళ్లీ భార్యాబిడ్డలను చూడలేదు. శరదృతువు చివర్లో అన్నే, మార్గట్‌లను జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ శిబిరానికి మార్చారు. తల్లి ఎడిత్ ఆష్‌విట్జ్‌లోనే 1945 జనవరి 6న చనిపోయింది. బెల్సెన్‌లో తిండి లేదు, నీళ్లు లేవు, చలి, పేలు, వాటి వెంట టైఫస్ జ్వరం. ముందు మార్గట్, కొద్దిరోజులకే అన్నే పోయారు. అది 1945 తొలి నెలల్లో. ఆ శిబిరాన్ని ఏప్రిల్ 15న బ్రిటిష్ సైన్యం విడిపించింది. కొన్ని వారాలు ఓపిక పట్టే బలం ఉండి ఉంటే బతికేవారు. అన్నేకు పదహారేళ్లు నిండలేదు.

హాలెండు నుంచి అలా తరలించిన యూదులు లక్షా ఏడు వేల మంది. తిరిగి వచ్చినవారు సుమారు అయిదు వేల మంది. వెనకింటి ఎనిమిది మందిలో తిరిగి వచ్చింది ఒట్టో ఒక్కడే. 1945 జూన్ 3న ఆమ్‌స్టర్‌డామ్ చేరాడు. పిల్లలు బతికే ఉంటారన్న ఆశతో కనపడినవారినల్లా అడిగాడు. జూలైలో ఇద్దరూ లేరని తేలింది. అప్పుడు మీప్ సొరుగు తీసి, ఆ కట్టంతా తెచ్చి అతని చేతిలో పెట్టింది.

ఒట్టో ఆ కాగితాలు ఒక్కసారి చదవలేకపోయాడు. రోజుకు కొంచెం కొంచెం చదివాడు. తన కూతురు అంత లోతుగా ఆలోచించేదని ఇంట్లో ఉండి కూడా తనకు తెలియలేదని తర్వాత ఒప్పుకున్నాడు. ఆమె మొదటి రాత, తిరగరాత కలిపి, కొన్ని భాగాలు తీసి, ఒక ప్రతి తయారు చేశాడు. ప్రచురణకర్తలు కొందరు వద్దన్నారు. యుద్ధం సంగతులు ఇంక ఎవరు చదువుతారన్న ఆలోచన అప్పట్లో ఉండేది. యాన్ రోమైన్ అనే చరిత్రకారుడు 1946 ఏప్రిల్‌లో ఒక పత్రికలో దాని గురించి రాశాక దారి దొరికింది. 1947 జూన్ 25న పుస్తకం అన్నే పెట్టుకున్న పేరుతోనే వచ్చింది. తొలి ముద్రణ మూడు వేల ప్రతులు. 1952లో ఇంగ్లీషు అనువాదం, 1955లో అమెరికాలో నాటకం వచ్చాయి. ఇప్పుడు డెబ్భైకి పైగా భాషల్లో ఉంది. ఆ ఇల్లు 1960లో ప్రదర్శనశాల అయింది. డైరీ అబద్ధమని ప్రచారం చేసినవారు కూడా ఉన్నారు. హాలెండు ప్రభుత్వ సంస్థ కాగితం, సిరా, చేతిరాత పరీక్ష చేయించి, అసలైనదేనని తేల్చి 1986లో పూర్తి పాఠం అచ్చువేసింది. ఒట్టో 1980లో, మీప్ నూరేళ్లు నిండి 2010లో కన్నుమూశారు.

ఇప్పుడు ఆ కాగితాల లెక్క ఒకసారి చూద్దాం. గళ్ల ఆటోగ్రాఫ్ పుస్తకం 1942 డిసెంబరు మొదటి వారానికి నిండింది. ఆ తర్వాత మనకు దొరికిన నోటుపుస్తకం 1943 డిసెంబరు 22న మొదలవుతుంది. మధ్యలో ఏడాది పాటు ఆమె రాసిన అసలు డైరీ దొరకలేదు. అయినా ఆ ఏడాది సంగతులు మనం చదువుతున్నాం. ఎందుకంటే తిరగరాతలో ఆమె ఆ ఏడాదిని మళ్లీ రాసింది. ఆ పది వారాలు ఆమె బద్ధకించి ఉంటే, ఒక పూర్తి సంవత్సరం మాయమయ్యేది. ఇంకో సంగతి. ఆ ఇంట్లో మార్గట్ కూడా డైరీ రాసేది. అక్కాచెల్లెళ్లు ఒకరి డైరీ ఒకరు చదవనిచ్చుకోవడం గురించి అన్నే రాసింది. మార్గట్ డైరీ మాత్రం ఎక్కడా దొరకలేదు. చదువులో ముందుండే, నోరు మెదపని ఆ పెద్దపిల్ల ఏం అనుకునేదో ఎప్పటికీ తెలియదు. చెల్లెలు రాసిన నాలుగు మాటల ద్వారానే ఆమె మనకు తెలుసు.

ఈ సంచిక చదివేవారిలో చాలామంది 1977 నవంబరు 19న బడి వయసు పిల్లలు. దివిసీమను ఊడ్చిన ఆ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. మన తీరమంతా ఆ రాత్రి వణికింది. యుద్ధం వేరు, ఉప్పెన వేరు. ఒకటి మనిషి చేసింది, ఒకటి సముద్రం చేసింది. రెండింటినీ పోల్చడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ రాత్రి పిల్లలుగా ఉన్నవారు ఇప్పుడు యాభై దాటారు, కొందరు అరవై కూడా దాటారు. మృతుల సంఖ్య, పంట నష్టం ప్రభుత్వ కాగితాల్లో ఉంటాయి. పన్నెండేళ్ల పిల్లాడు ఏ ఇంటి కప్పు పట్టుకుని తెల్లారేదాకా ఉన్నాడో, నీళ్లు తీశాక బడికి వెళ్తే ఏ బల్లలు ఖాళీగా కనపడ్డాయో ఆ పిల్లాడే చెప్పాలి. ఆయన చెప్పకపోతే ఆయనతోనే పోతుంది.

అందుకని మన పూర్వ విద్యార్థులకు రెండు మనవులు. ఒకటి, రాయండి. పెద్ద రచన అక్కర్లేదు. ఒక నోటుపుస్తకంలో పేరు, ఊరు, తారీఖు వేసి, చూసింది చూసినట్టు రాయండి. ఉప్పెన గురించి కావచ్చు, ఉప్పుమడుల పని గురించి కావచ్చు, బడికి వెళ్లే దారి గురించి కావచ్చు. రాసింది బాగా లేదనిపిస్తే అన్నేలాగా మళ్లీ రాయండి. రెండు, దాచండి. ఇంట్లో అమ్మమ్మ ఉత్తరాలు, నాన్న లెక్కల పుస్తకం, అన్నయ్య డైరీ కనపడితే పాత పేపర్లవాడికి తూకం వేసే ముందు మీప్ గీస్‌ను ఒకసారి తలచుకోండి. ఆ కాగితాల విలువ ఆమెకూ అప్పుడు తెలియదు. ఒక పిల్ల రాసుకున్నవి కాబట్టి ఆ పిల్లకే తిరిగి ఇవ్వాలనుకుంది, అంతే. మన సంఘం స్వర్ణోత్సవం సందర్భంగా అలాంటి రాతలు, పాత ఉత్తరాలు, తరగతి ఫోటోలు బడి గ్రంథాలయంలో ఒక బీరువాలో చేర్చే ఏర్పాటు చేయాలని సంఘం పెద్దలను కోరుతున్నాను. మొదటి నోటుపుస్తకం మీలో ఎవరిదైనా సరే, ఈ సంక్రాంతి సెలవుల్లోనే మొదలుపెట్టండి.